ఇబ్నె నఫీస్ - ఊపిరితిత్తుల రక్తప్రసరణ

క్రీ.శ. 1924లో జర్మనీలోని ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయానికి ముహియుద్దీన్ తతావీ అనే ఈజిప్టు వైద్యుడు ఒక సిద్ధాంతవ్యాసం సమర్పించాడు. బెర్లిన్ గ్రంథాలయంలోని ఒక అరబ్బీ వ్రాతప్రతి ఆ వ్యాసానికి ఆధారం. హృదయపు కుడిభాగం నుండి రక్తం ఊపిరితిత్తులకు వెళ్ళి, అక్కడ గాలితో కలిసి, హృదయపు ఎడమభాగానికి చేరుతుందన్న సంగతి యూరప్ పండితులకు పదహారవ శతాబ్దిలో తెలిసింది. అంతకు మూడు వందల ఏళ్ళకు ముందే ఒక ముస్లిం వైద్యుడు దానిని స్పష్టంగా వ్రాసి ఉంచాడని ఆ వ్యాసం తెలియజేసింది. వ్యాసం అచ్చుకు నోచుకోలేదు. కైరోలో నివసిస్తూ అరబ్బీ వైద్యగ్రంథాలను పరిశోధిస్తున్న జర్మన్ వైద్యుడు మాక్స్ మేయర్‌హాఫ్ ఈ విషయాన్ని చేపట్టి 1930 దశకంలో పండిత లోకానికి వివరంగా అందించాడు. అంతవరకు వైద్యశాస్త్ర చరిత్రల్లో ఈ ఆవిష్కరణ సందర్భంలో ఆ ముస్లిం వైద్యుని పేరు కనిపించదు.

ఆ వైద్యుడే అలాఉద్దీన్ అబుల్ హసన్ అలీ ఇబ్నె అబిల్ హజ్మ్ అల్ ఖర్షీ. ఇబ్నె నఫీస్‌గా ప్రసిద్ధుడు. ఆయన కనుగొన్నదేమిటి? దానిని ఎలా కనుగొన్నాడు? కనుగొన్న సత్యం ఆరు వందల ఏళ్ళకు పైగా అలమరలలో ఎందుకు ఉండిపోయింది? మొదటి రెండు ప్రశ్నలకు వచ్చే సమాధానాలు గర్వకారణమైనవి. మూడవ ప్రశ్నకు వచ్చే సమాధానం ఆలోచింపజేసేది.

జాలీనూస్ నిర్మించిన శరీరం

ఇబ్నె నఫీస్ చేసిన పని విలువ తెలియాలంటే ఆయనకు ముందు వెయ్యేళ్ళపాటు మానవ శరీరాన్ని వైద్యులు ఎలా ఊహించుకున్నారో తెలియాలి. ఆ ఊహకు కర్త యునానీ హకీములు జాలీనూస్ అని పిలిచే గాలెన్. క్రీ.శ. 129లో పెర్గమం నగరంలో జన్మించి, రోము చక్రవర్తి మార్కస్ అరీలియస్‌కు వైద్యుడైన మహాపండితుడాయన. మానవ కళేబరాలను కోసి చూసే అవకాశం ఆయనకు లేదు. కోతులను, పందులను, ఇతర జంతువులను కోసి చూచి మానవ శరీరాన్ని అంచనా వేశాడు.

ఆయన చెప్పిన విధానం ఇది. మనం తిన్న ఆహారం జీర్ణాశయంలో పచనమై, దాని సారం సిరల ద్వారా కాలేయాన్ని చేరుతుంది. కాలేయం దానిని రక్తంగా మారుస్తుంది. ఆ రక్తం సిరల గుండా శరీరమంతటా పారి, పొలంలో పారిన నీరు నేలలో ఇంకిపోయినట్లు అవయవాలలో ఖర్చయిపోతుంది. అందులో కొంతభాగం హృదయపు కుడి జఠరికలోకి వస్తుంది. అక్కడి నుండి కొద్దిగా ఊపిరితిత్తుల పోషణకు వెళ్తుంది. మరికొంత, రెండు జఠరికలకు మధ్యనున్న గోడలోని కంటికి కనిపించని సన్నని రంధ్రాల గుండా ఎడమ జఠరికలోకి స్రవిస్తుంది. ఊపిరితిత్తుల నుండి వచ్చిన వాయువుతో అక్కడ అది కలిసి ప్రాణశక్తిని పుట్టిస్తుంది. ధమనులు ఆ శక్తిని దేహమంతటికీ మోసుకుపోతాయి. మెదడుకు చేరినది చైతన్యశక్తిగా మారి నరాల ద్వారా ఇంద్రియాలను, కదలికలను నడిపిస్తుంది.

కాలేయం, హృదయం, మెదడు - ఈ మూడింటిని శరీరానికి అధిపతులుగా నిలిపే ఈ విధానంలో ఒక అందమున్నది. జీర్ణక్రియ, శ్వాసక్రియ, రక్తచలనం, నాడీవ్యవస్థ - అన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి కనిపిస్తాయి. యునానీ వైద్యంలో నేటికీ వినిపించే కువ్వతె తబయియా, కువ్వతె హైవానియా, కువ్వతె నఫ్సానియా అన్న మూడు శక్తుల మాట ఈ విధానం నుండి వచ్చినదే. అయితే ఈ చక్కని భవనమంతా ఒక బలహీనమైన స్తంభం మీద నిలిచింది. అదే హృదయ మధ్యకుడ్యంలోని రంధ్రాలు. వాటిని ఎవరూ చూడలేదు. అయినా అవి ఉండితీరాలని వెయ్యేళ్ళపాటు అందరూ నమ్మారు. అవి లేకపోతే కుడివైపు రక్తం ఎడమవైపుకు ఎలా పోతుందో చెప్పే దారి వారికి మరొకటి లేదు.

అనువాదం నుండి అనుమానానికి

అబ్బాసీ ఖలీఫాల కాలంలో బాగ్దాదు నగరంలో గ్రీకు వైద్యగ్రంథాలు అరబ్బీలోకి వచ్చాయి. ఈ కృషిలో అగ్రగణ్యుడైన హునైన్ ఇబ్నె ఇస్‌హాఖ్ (809-873) జాలీనూస్ గ్రంథాలలో 129 గ్రంథాల అనువాదాల వివరాలను ఒక లేఖలో నమోదు చేశాడు. ఈ విద్యను స్వీకరించిన ముస్లిం వైద్యులు కళ్ళు మూసుకొని స్వీకరించలేదు. అబూబకర్ జకరియ్యా రాజీ (మరణం 925) "జాలీనూస్‌పై సందేహాలు" అనే అర్థమిచ్చే పేరుతోనే ఒక గ్రంథం వ్రాశాడు. గురువు పట్ల గౌరవం వేరు, గురువు చెప్పినదంతా నిజమనడం వేరు అన్నది ఆయన వైఖరి.

అబ్దుల్లతీఫ్ బాగ్దాదీ (1162-1231) మరో ముందడుగు వేశాడు. 1200 తర్వాత ఈజిప్టును ఘోరమైన కరువు పీడించినప్పుడు అతడు అక్కడే ఉన్నాడు. కైరో సమీపాన మఖ్స్ అనేచోట గుట్టలుగా పడివున్న అస్థిపంజరాలను పరిశీలించాడు. మనిషి క్రింది దవడ రెండు ఎముకల కలయిక అని జాలీనూస్ వ్రాశాడు. కాని రెండు వేలకు పైగా పుర్రెలు చూచినా అబ్దుల్లతీఫ్‌కు ఆ దవడలో అతుకు కనిపించలేదు, ఒకే ఎముక కనిపించింది. జాలీనూస్ ఎంత గొప్పవాడైనా ఇంద్రియాల సాక్ష్యం అంతకంటె నమ్మదగినదని అతడు తేల్చిచెప్పాడు. ఈ వాతావరణంలోనే ఇబ్నె నఫీస్ పెరిగాడు.

దమిష్క్ నుండి కైరోకు

ఇబ్నె నఫీస్ సుమారు 1210-1213 మధ్య దమిష్క్ ప్రాంతంలో జన్మించాడు. నూరుద్దీన్ జంగీ 1154లో దమిష్క్‌లో నెలకొల్పిన నూరీ ఆస్పత్రిలో, ప్రసిద్ధ వైద్యుడు దఖ్వార్ శిష్యపరంపరలో వైద్యం అభ్యసించాడు. పిదప కైరో చేరి, ఈజిప్టు వైద్యులకు అధిపతి అయ్యాడు. కేవలం వైద్యుడే కాదు. షాఫయీ ఫిఖ్‌హ్‌లో పండితుడు. కైరోలోని మస్‌రూరియా మదరసాలో ఆ శాస్త్రాన్ని బోధించాడు. హదీసు శాస్త్రం మీద, అరబ్బీ వ్యాకరణం మీద కూడ గ్రంథాలు వ్రాశాడు. వైద్యంలో "అష్షామిల్" అనే విజ్ఞానకోశాన్ని 300 సంపుటాలలో వ్రాయ సంకల్పించి 80 సంపుటాల శుద్ధప్రతి సిద్ధం చేశాడని చరిత్రకారులు చెబుతారు.

ఆయన వ్రాసిన వాటిలో "షరహ్ తష్రీహుల్ ఖానూన్" ఒకటి. ఇబ్నె సీనా (980-1037) రచించిన వైద్య మహాగ్రంథం "అల్ ఖానూన్"లోని శరీరనిర్మాణ భాగాలకు ఇది వ్యాఖ్యానం. 1242 నాటికే ఇది వెలువడింది. అప్పటికి రచయితకు సుమారు ముప్పై ఏళ్ళు.

ఈ గ్రంథం ముందుమాటలో ఆయన రెండు సంగతులు చెబుతాడు. షరీఅత్ నియమమూ, తనలోని సహజమైన దయాగుణమూ కలిసి శవచ్ఛేదం నుండి తనను వారించాయన్నది మొదటిది. అందువల్ల అవయవాల రూపం విషయంలో పూర్వుల గ్రంథాల మీద, ముఖ్యంగా జాలీనూస్ మీద ఆధారపడతానంటాడు. అవయవాల పని విషయంలో మాత్రం, పూర్వుల అభిప్రాయానికి అనుకూలమైనా ప్రతికూలమైనా, పరిశీలనకు సరైన విచారణకు నిలిచినదానినే స్వీకరిస్తానన్నది రెండవది. అయితే గ్రంథంలో కొన్నిచోట్ల శవచ్ఛేదం ఈ మాటను అబద్ధమని తేలుస్తున్నదని కూడ వ్రాశాడు. కనుక ఆయన స్వయంగా జంతువులనో మానవ దేహాన్నో కోసి చూచాడా లేదా అన్న విషయంలో పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. ఆయన తర్కం మాత్రం అందరికీ కనిపించేదే.

గోడలో దారి లేదు

ఆ తర్కం ఇలా సాగింది. కుడి జఠరికలోని రక్తం ఎడమ జఠరికకు చేరక తప్పదు. ఇంతవరకు జాలీనూస్‌తో పేచీ లేదు. కాని రెండింటి మధ్యనున్న గోడ దళసరి, గట్టి. అందులో కంటికి కనిపించే దారి లేదు. జాలీనూస్ అనుకున్నట్లు కనిపించని దారీ లేదు. మరి రక్తం ఎటుపోవాలి? కుడి జఠరిక నుండి బయలుదేరే పెద్ద నాళం ఒకటున్నది. అది ఊపిరితిత్తులకు పోతుంది. కనుక రక్తం ఆ నాళం గుండా ఊపిరితిత్తులను చేరి, వాటిలో వ్యాపించి, గాలితో కలిసి, శుద్ధమై, మరొక నాళం ద్వారా హృదయపు ఎడమభాగానికి వస్తుంది.

అక్కడితో ఆగలేదు. ఊపిరితిత్తులకు రక్తాన్ని తీసుకుపోయే నాళం గోడ మందంగా, రెండు పొరలతో ఎందుకున్నది? దానిలో నుండి అతి పలుచనైన రక్తం మాత్రమే వడకట్టబడి బయటికి రావడానికి. తిరిగి తెచ్చే నాళం గోడ పలుచగా ఎందుకున్నది? అలా వచ్చినదానిని సులువుగా గ్రహించడానికి. ఈ కారణంగానే రెండు నాళాల మధ్య సూక్ష్మమైన మార్గాలున్నాయని ఆయన వ్రాశాడు. సూక్ష్మదర్శిని ఇంకా పుట్టని కాలంలో అన్న మాట ఇది.

ఇబ్నె సీనాతోనూ ఆయన విభేదించాడు. హృదయంలో మూడు జఠరికలున్నాయన్న మాట సరికాదు, రెండే ఉన్నాయన్నాడు. హృదయానికి పోషణ కుడి జఠరికలోని రక్తం నుండి లభిస్తుందన్న మాటనూ తిరస్కరించి, హృదయ కండరంలోనే వ్యాపించివున్న నాళాల ద్వారా లభిస్తుందన్నాడు. గుండెపోటు వచ్చినప్పుడు వైద్యులు పరీక్షించే హృదయ ధమనులు ఈ నాళాలే.

ఆయన చెప్పనివి

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. అభిమానంతో కొందరు రక్తప్రసరణ మొత్తాన్ని ఇబ్నె నఫీస్ కనుగొన్నాడని వ్రాస్తుంటారు. అది నిజం కాదు. హృదయం నుండి ఊపిరితిత్తులకు, ఊపిరితిత్తుల నుండి హృదయానికి జరిగే చిన్న ప్రసరణనే ఆయన కనుగొన్నాడు. ధమనుల గుండా దేహమంతటికీ పోయిన రక్తం సిరల గుండా మళ్ళీ హృదయానికే తిరిగివస్తుందని ఆయనకు తెలియదు. రక్తాన్ని తయారుచేసేది కాలేయమే అన్న పాత నమ్మకాన్ని, ఎడమ జఠరికలో ప్రాణశక్తి పుడుతుందన్న పాత మాటను ఆయన విడువలేదు. ఆయన కీర్తికి ఆయన నిజంగా చేసిన పని చాలు.

మిగిలిన సత్యం ఎన్నో చేతులు మారి వచ్చింది. స్పెయిన్ దేశీయుడు మైకేల్ సెర్వెటస్ 1553లో ఒక మతగ్రంథంలో ఈ చిన్న ప్రసరణను వర్ణించాడు. ఆ గ్రంథం కారణంగానే అదే ఏడాది అక్టోబరులో జెనీవాలో సజీవంగా దహనమయ్యాడు. రియాల్డో కొలంబో 1559లో అచ్చయిన గ్రంథంలో దానినే శరీరశాస్త్ర ఆధారాలతో నిరూపించాడు. ఇంగ్లండుకు చెందిన విలియం హార్వే 1628లో పూర్తి రక్తప్రసరణను వివరించాడు. అతని వాదం లెక్కల మీద నిలిచింది. హృదయం ఒక్కసారి కొట్టుకున్నప్పుడు వెలువడే రక్తం ఎంత తక్కువని అంచనా వేసినా, అరగంటలో అది దేహంలోని మొత్తం రక్తాన్ని మించిపోతుంది. అంత రక్తం తిన్న తిండి నుండి క్షణక్షణం పుట్టడం అసంభవం. కనుక అదే రక్తం చుట్టి వస్తున్నదని తేల్చాడు. చివరగా 1661లో ఇటలీకి చెందిన మాల్పీగీ కప్ప ఊపిరితిత్తిని సూక్ష్మదర్శినిలో చూచి, ధమనులను సిరలను కలిపే కేశనాళికలను కనుగొన్నాడు. ఇబ్నె నఫీస్ బుద్ధితో ఊహించిన సూక్ష్మమార్గాలు 419 ఏళ్ళ తర్వాత కంటికి కనిపించాయి.

యూరపు పండితులు ఇబ్నె నఫీస్ నుండే దీనిని గ్రహించారా? ఆండ్రియా ఆల్పాగో అనే ఇటలీ వైద్యుడు దమిష్క్‌లో చాలా ఏళ్ళుండి ఇబ్నె నఫీస్ రచనలో కొంతభాగాన్ని లాటిన్‌లోకి అనువదించిన మాట నిజం. అది 1547లో వెనిస్‌లో అచ్చయింది. కాని అచ్చయిన భాగంలో ఊపిరితిత్తుల ప్రసరణ ప్రస్తావన లేదు. సెర్వెటస్‌కు గాని కొలంబోకు గాని ఇబ్నె నఫీస్ మాట చేరిందనడానికి తిరుగులేని ఆధారం దొరకలేదు. ఆధారం లేకుండా పరులను దొంగలనడం న్యాయం కాదు.

నేడు తెలిసినది

నేటి శరీరశాస్త్రం ఈ చిత్రాన్ని పూర్తిచేసింది. విశ్రాంతిగా ఉన్న పెద్ద మనిషి హృదయం నిమిషానికి సుమారు 70 సార్లు, రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. ప్రతిసారి ఒక్కొక్క జఠరిక సుమారు 70 మిల్లీలీటర్ల రక్తాన్ని నెడుతుంది. అంటే దేహంలోని దాదాపు 5 లీటర్ల రక్తం నిమిషానికొకసారి చుట్టివస్తుంది. ఊపిరితిత్తులలో ముప్పై కోట్లకు పైగా ఉన్న సూక్ష్మమైన గాలిగదుల గోడల దగ్గర రక్తం ఆమ్లజనిని గ్రహించి, బొగ్గుపులుసు వాయువును విడిచిపెడుతుంది. గాలి గాలిగానే హృదయానికి పోదు. ఎర్రకణాలు ఆమ్లజనిని మోసుకుపోతాయి.

జీర్ణమైన ఆహారసారంలో అధికభాగం మొదట కాలేయానికే పోతుందన్న జాలీనూస్ మాట నిలిచింది. అయితే కాలేయం దానిని నిల్వచేస్తుంది, మార్పుచేస్తుంది, విషాలను విరుస్తుంది; రక్తాన్ని తయారుచేయదు. పెద్దవారిలో ఆ పని ఎముకల మూలుగది. గర్భస్థ శిశువులో మాత్రం కొంతకాలం కాలేయం ఆ పని చేస్తుంది. హృదయం పంపే రక్తంలో సుమారు అయిదవ వంతు మూత్రపిండాలకు పోతుంది. అవి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడకట్టి, దాదాపు అంతటినీ తిరిగి రక్తంలోకే పంపి, లీటరున్నరకు అటూయిటుగా మాత్రమే మూత్రంగా విసర్జిస్తాయి. ఏ అవయవమూ ఒంటరిగా బ్రతకదు. అన్నిటినీ కలిపే వాహిని రక్తం.

జఠరికల మధ్యగోడలో నిజంగానే రంధ్రంతో పుట్టే శిశువులున్నారు. దానిని గుండెకు రంధ్రమని అంటున్నాం. అది పెద్దదైతే శస్త్రచికిత్స చేసి మూసివేస్తారు. జాలీనూస్ ఆరోగ్యానికి ఆధారమనుకున్నది నిజానికి రోగమని తేలింది.

ఎందుకు మరుగున పడింది?

ఇబ్నె నఫీస్ మరుగున పడిన వైద్యుడు కాడు. మరుగున పడినది ఆయన ఆవిష్కరణ. ఆయన వ్రాసిన "మూజజుల్ ఖానూన్" అనే సంగ్రహం శతాబ్దాల తరబడి ముస్లిం దేశాలన్నిటా పాఠ్యగ్రంథమైంది. దానికి వ్యాఖ్యానాలు, వ్యాఖ్యానాలకు వ్యాఖ్యానాలు వెలువడ్డాయి. భారతదేశంలోని తిబ్బీ విద్యార్థులు కూడ దానిని చదివారు. కాని ఆ సంగ్రహంలో శరీరనిర్మాణ భాగం లేదు. అంటే ఆయన పేరు చెప్పుకుంటూనే, ఆయన చెప్పిన అతి ముఖ్యమైన మాటను ఎరుగకుండానే తరాలు గడిచాయి. ఆయన కాలం వాడే, దఖ్వార్ శిష్యుడే అయిన ఇబ్నె అబీ ఉసైబియా వైద్యుల చరిత్రలతో పెద్ద గ్రంథం కూర్చినా, దాని మూలపాఠంలో ఇబ్నె నఫీస్‌కు చోటివ్వలేదు. పధ్నాలుగవ శతాబ్దిలో ఒకరిద్దరు వ్యాఖ్యాతలు ఊపిరితిత్తుల దారిని ప్రస్తావించారు గాని, దానిని పరీక్షించి మరో అడుగు ముందుకు వేసినవారు లేరు.

పరీక్షలో నెగ్గడానికి సంగ్రహం చాలు. సత్యాన్వేషణకు అది చాలదు. రాజీ జాలీనూస్‌ను శంకించాడు. అబ్దుల్లతీఫ్ కళ్ళతో చూచి సరిదిద్దాడు. ఇబ్నె నఫీస్ జాలీనూస్‌ను, ఇబ్నె సీనాను ఇద్దరినీ నిలదీశాడు. వారి తర్వాత వచ్చినవారు ఇబ్నె నఫీస్‌ను శంకించలేదు, నిలదీయలేదు, వల్లెవేశారు. ఆయన పేరును గౌరవించి, ఆయన పద్ధతిని వదులుకున్నారు.

ఈ వారసత్వాన్ని వెలికితీసే పనిలో తెలుగునేలకు కూడ పాలున్నది. హైదరాబాదులో 1888లో ఏర్పడిన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ అరబ్బీ వ్రాతప్రతులను పరిష్కరించి అచ్చువేసింది. ఇబ్నె నఫీస్ సమకాలికుడైన ఇబ్నుల్ ఖుఫ్ (1233-1286) శస్త్రచికిత్సపై వ్రాసిన "అల్ ఉమ్దా" 1937 ప్రాంతంలో, రాజీ మహాగ్రంథం "అల్ హావీ" 1955 నుండి సంపుటాలుగా అక్కడే వెలువడ్డాయి. ప్రతులను చదివి, సరిచూచి, లోకానికి అందించడం ఆవిష్కరణ అంతటి పని. తతావీ చేసినది కూడ అదే. బెర్లిన్‌లోని ఆ ప్రతిని తెరవగలవారు ఎందరో ఉన్నారు. తెరిచి చివరిదాకా చదివినవాడు అతడే.

ఇబ్నె నఫీస్ 1288 డిసెంబరు 17న (హి.శ. 687 జుల్‌ఖఅదా 21) కైరోలో మరణించాడు. అవసాన దశలో మందుగా ద్రాక్షసారా పుచ్చుకొమ్మని తోటి వైద్యులు సూచించినప్పుడు, దానిని కడుపులో ఉంచుకొని అల్లాహ్ సన్నిధికి పోలేనని నిరాకరించాడని చరిత్రకారులు వ్రాశారు. విశ్వాసం విషయంలో అంత దృఢంగా ఉన్న మనిషే పండితుల మాటను పరీక్షించకుండా ఒప్పుకోలేదు. ఈ రెండు గుణాల మధ్య ఆయన జీవితంలో వైరుధ్యం కనిపించదు. తన ఇంటిని, గ్రంథాలయాన్ని సుల్తాన్ ఖలావూన్ కొద్ది ఏళ్ళ ముందే కట్టించిన మన్సూరీ ఆస్పత్రికి వఖ్ఫు చేశాడు. గ్రంథాలను ఇచ్చిపోవడం వరకే గురువు చేయగలిగేది. వాటిని తెరిచి చదవవలసిన బాధ్యత తర్వాతి తరాలది.